భూగోళాన్ని చేతులతో నేర్పుతామంటున్న పాఠ్యప్రణాళికల రూపకర్తలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాఠ్యప్రణాళికల రూపకర్తలకు, ప్రచురణకర్తలకు,

నమస్కారాలు.

నేను నా ఇద్దరు పిల్లలకు ఇంటి వద్దనే చదువు చెబుతున్న తల్లిని. పెద్దమ్మాయికి 13 ఏళ్లు, చిన్నవాడికి 11. గత మూడేళ్లలో భూగోళశాస్త్రం కోసం మూడు పాఠ్యప్రణాళికలు ఎంచుకున్నాను. మొదటిదాన్ని ఏడాదంతా నడిపించాను, రెండోదాన్ని మూడు నెలలకే పక్కన పెట్టాను, మూడోదాన్ని సగం వాడుకుంటూ మిగిలిన సగం నేనే రాసుకుంటున్నాను. రాబోయే సంవత్సరానికి ఇప్పుడు మళ్లీ వెతుకుతున్నాను. ఈ మూడింటి మీదా ‘చేసి నేర్చుకునే భూగోళశాస్త్రం’ అనే మాట ఉంది. ఆ మాటను మీరు ఏ అర్థంలో వాడుతున్నారో, నాలాంటి తల్లిదండ్రులు ఏ అర్థంలో నమ్మి కొనుక్కుంటున్నారో, ఆ రెంటి మధ్య ఎంత దూరం ఉందో మీ దృష్టికి తేవాలనే ఈ లేఖ రాస్తున్నాను.

మొదటి సంవత్సరం సంగతి ముందు చెప్పాలి. ఆ పెట్టెలో లేనిదంటూ లేదు. రంగులు వేయవలసిన జెండాలు, కత్తిరించి అతికించే జంతువుల బొమ్మలు, దేశం మారినప్పుడల్లా ముద్ర వేసుకునే ఉత్తుత్తి పాస్‌పోర్టు, ఉప్పు కలిపిన పిండిముద్దతో చేసే ఖండాల నమూనాలు అన్నీ ఉన్నాయి. పిల్లలు ఇష్టంగానే చేశారు, గోడ నిండిపోయింది. సంవత్సరం చివర ఒక రోజు మా అమ్మాయిని అట్లాసు ముందు కూర్చోబెట్టి, దక్షిణ అమెరికాలో ఆండీస్ పర్వతాలకు ఒక పక్క దట్టమైన అడవి, మరో పక్క అటకామా ఎడారి ఎందుకున్నాయని అడిగాను. ఆ పర్వతాలను తన చేతులతోనే పిండితో చేసి, గోధుమరంగు వేసి, ఆరబెట్టిన పిల్ల అది. అయినా జవాబు రాలేదు. జవాబు రాకపోవడం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది ఏమిటంటే, ఆ ప్రశ్న అడగవచ్చునని కూడా ఆమెకు అంతవరకు తోచకపోవడం. చేతులకు ఏడాది పొడవునా పని దొరికింది, ఆ పనిలో భూగోళశాస్త్రానికి మాత్రం చోటు దొరకలేదు.

ఆ అనుభవం తర్వాత నేను ఏ పాఠ్యప్రణాళికనైనా ఒకే ప్రశ్నతో పరీక్షిస్తున్నాను: ఈ పనిలో పిల్ల చేయి తప్పు చేయగలదా, చేస్తే ఆ తప్పును నేనో జవాబుల పుస్తకమో చెప్పకముందే ఆ పనే ఆమెకు చూపించగలదా? జెండాకు రంగు వేయడంలో గీత దాటడం తప్ప వేరే తప్పు జరగదు. పాస్‌పోర్టు మీద ముద్ర వేయడంలో అసలు తప్పే ఉండదు. తప్పుకు తావులేని పనిలో ఆలోచనకూ తావుండదు. 11 నుంచి 14 ఏళ్ల మధ్య వయసులో పిల్లలు నిష్పత్తులను, కోణాలను, కనబడని కారణాలను పట్టుకోగలిగే శక్తిని తెచ్చుకుంటారు. సరిగ్గా అప్పుడే వాళ్ల చేతికి కత్తెర, జిగురు ఇచ్చి సరిపెట్టడం వాళ్లను తక్కువ అంచనా వేయడమే. చిన్నపిల్లలకు పనికొచ్చే అతికింపు పనులను కాస్త పెద్ద అక్షరాలతో, కొంచెం కష్టమైన పదాలతో మళ్లీ అచ్చువేసి పెద్దపిల్లలకు అమ్ముతున్నారన్న అనుమానం నాకు ఒకటి రెండుసార్లు కాదు, చాలాసార్లు కలిగింది.

నేను కోరుకునే పని ఎలా ఉంటుందో ఒక ఉదాహరణతో వివరంగా చెప్పనివ్వండి. మూడో పాఠ్యప్రణాళికలో ఒక పాఠం ఉంది. ఒక దిక్సూచి, ఒక నోటుపుస్తకం పట్టుకుని ఇంటి చుట్టుపక్కల ఏదో ఒక దారిలో బయలుదేరి, మలుపు మలుపుకూ దిశను డిగ్రీలలో రాసుకుంటూ, అడుగులు లెక్కపెట్టుకుంటూ, చివరకు బయలుదేరిన చోటికే తిరిగి రావాలి. తర్వాత ఇంట్లో కూర్చుని 10 అడుగులకు 1 సెంటీమీటరు చొప్పున ఆ దారిని కాగితం మీద గీయాలి. మా అమ్మాయి 412 అడుగులు నడిచి, ఏడు మలుపులు రాసుకుని వచ్చింది. గీయడం మొదలుపెట్టింది. చివరి గీత మొదటి చుక్కను చేరాలి కదా, చేరలేదు. మూడు సెంటీమీటర్లు, అంటే 30 అడుగుల దూరంలో ఆగిపోయింది. నడిచినప్పుడు బయలుదేరిన చోటికే వచ్చిన మనిషి, కాగితం మీద మాత్రం వేరే చోటికి వెళ్లింది. ఆ క్షణంలో ఆ పిల్ల ముఖంలో కనిపించిన ఆశ్చర్యం, దాని వెనుకే వచ్చిన పట్టుదల, మొదటి ఏడాది పెట్టెలోని ఏ వస్తువూ తేలేకపోయింది.

తప్పు ఎక్కడుందో వెతకడానికి ఆమె మళ్లీ బయటకు వెళ్లింది. ఎత్తు ఎక్కేటప్పుడు అడుగు చిన్నదవుతుందని, దిగేటప్పుడు పెద్దదవుతుందని గమనించింది. ఆగి ఉన్న వాహనం పక్కన నిలబడి దిశ చూసినప్పుడు ఇనుము దిక్సూచి ముల్లును పక్కకు లాగుతుందని, తన జేబులోని తాళంచెవులూ ఫోనూ అదే పని చేస్తున్నాయని కనిపెట్టింది. రెండోసారి గీసినప్పుడు ఖాళీ 8 అడుగులకు తగ్గింది. సర్వేయర్లు ఈ ఖాళీని కొలిచి, దాన్ని అన్ని గీతలకూ పంచి సరిదిద్దుతారని అప్పుడు చెప్పాను. ఆ పద్ధతి ఎందుకు అవసరమో వివరించవలసిన పని నాకు రాలేదు. పటం అంటే ఆకాశం నుంచి ఊడిపడినది కాదని, ఎవరో నడిచి, కొలిచి, తప్పులు చేసి, దిద్దుకుని గీసినదని ఆమెకు తెలిసింది. భారతదేశాన్ని కొలవడానికి 1802లో విలియం లాంబ్టన్ ఆధ్వర్యంలో మద్రాసు దగ్గర మొదలైన మహా త్రికోణమితి సర్వే దశాబ్దాల పాటు ఎందుకు సాగిందో, ఆ సర్వే లెక్కల ఆధారంగా 1852లో గణితవేత్త రాధానాథ్ సిక్‌దార్ ఎవరెస్టు శిఖరాన్ని ప్రపంచంలోకెల్లా ఎత్తైనదిగా తేల్చడం ఎంతటి పనో, ఆ తర్వాత చదివినప్పుడు ఆమెకు అది మనుషులు చేసిన పనిగా కనిపించింది.

ఇంత మంచి పాఠాన్ని రాసినవారే అందులో ఒక లోపం మిగిల్చారు. గీత చేరకపోతే ఏం చేయాలో పెద్దవాళ్లకు ఇచ్చిన సూచనల్లో ఒక్క మాట లేదు. ‘పిల్లలు తమ దారిని పటంగా గీస్తారు’ అని రాసి ఊరుకున్నారు. నేను ఆ రోజు తోచింది చేశాను కాబట్టి సరిపోయింది. మరో ఇంట్లో తల్లో తండ్రో ‘సరేలే, దగ్గరగానే వచ్చింది’ అని ఆ ఖాళీని పెన్సిలుతో కలిపేసి ఉంటే, ఆ పాఠంలోని అసలు విషయం అక్కడితో చెరిగిపోయేది. ఇంటి వద్ద నేర్పేవాళ్లలో చాలామందికి భూగోళశాస్త్రంలో శిక్షణ ఉండదు, మేమూ పిల్లలతోపాటే నేర్చుకుంటున్నవాళ్లం. మాకు కావలసింది పని ఎలా చేయాలో చెప్పే సూచనల కన్నా ఎక్కువగా, ఆ పని ఎలా చెడిపోతుందో చెప్పే సూచనలు. ప్రతి పాఠానికీ పిల్లలు సాధారణంగా చేసే తప్పులేమిటి, ఆ తప్పు వెనుక ఏ అపోహ ఉంది, దాన్ని చెప్పకుండా వాళ్లే చూసేలా ఏ ప్రశ్న అడగాలి అన్న మూడు సంగతులు రాయండి. రంగుల పేజీలు సగానికి తగ్గించైనా సరే ఇవి రాయండి.

కాంటూరు రేఖల, అంటే పటం మీద ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతల పాఠం కూడా ఇలాంటిదే. బంకమట్టితో చిన్న కొండ చేసి, పారదర్శకమైన డబ్బాలో పెట్టి, ఒక్కొక్క సెంటీమీటరు చొప్పున నీళ్లు పోస్తూ నీరు తాకిన చోటల్లా గీత గీసి, పైనుంచి చూసి ఆ గీతలను పలుచని ప్లాస్టిక్ కాగితం మీద ఎక్కించడం చాలా పాఠ్యప్రణాళికల్లో ఉంది, మంచి పని. కానీ దాదాపు అన్నీ అక్కడే ఆగిపోతున్నాయి. తర్వాతి మెట్టు ఒకటుంది: ఆ గీతల కాగితం మాత్రమే రెండో పిల్లవాడికి ఇచ్చి, కొండను చూపకుండా, దాన్నుంచి కొండను తిరిగి కట్టమనాలి. మా చిన్నవాడు అలా కట్టినప్పుడు అక్క చేసిన లోయ ఉన్న చోట గట్టు లేచింది. లోయను దాటేటప్పుడు కాంటూరు రేఖ కొండ ఎగువ వైపుకు వంగుతుందని, గట్టును దాటేటప్పుడు దిగువ వైపుకు వంగుతుందని పుస్తకంలో చదివినా వాడికి గుర్తు లేదు. రెండు కొండలనూ పక్కపక్కన పెట్టి పైనుంచి కొద్దిగా నీళ్లు ఒలకబోస్తే, ఒకదానిలో నీరు మధ్యకు చేరి పారింది, మరోదానిలో రెండు పక్కలకూ చీలింది. నీరే తీర్పు చెప్పింది. ఇప్పుడు నిజమైన స్థలాకృతి పటం చూసి నది ఎటు పారుతుందో వాడు తడుముకోకుండా చెబుతాడు. ఇంట్లో ఒక్క బిడ్డే ఉంటే ఆ రెండో కొండను పెద్దవాళ్లే కట్టవచ్చు, అప్పుడు తప్పు చేసేది పెద్దవాళ్లే కావడం ఆ పిల్లలకు మరింత మేలు చేస్తుంది.

పిండితో చేసే నమూనాలను పూర్తిగా తీసేయమని నేను అనడం లేదు. వాటికి ముందు ఒక లెక్క చేర్చండి. 1,000 కిలోమీటర్ల వెడల్పున్న ప్రాంతాన్ని 50 సెంటీమీటర్ల పలక మీద చేస్తే 1 సెంటీమీటరు 20 కిలోమీటర్లతో సమానం. ఆ లెక్కన 8,848.86 మీటర్ల ఎవరెస్టు శిఖరం సముద్రమట్టం నుంచి నాలుగున్నర మిల్లీమీటర్లు కూడా లేవదు. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న గ్లోబు మీదైతే మిల్లీమీటరులో అయిదో వంతే. అంటే మనం చేసే కొండలన్నీ కావాలని ఎత్తు పెంచినవే. ఎన్ని రెట్లు పెంచామో నమూనా అంచున రాయమని పిల్లలను అడిగితే, అదే పిండిముద్ద స్కేలును గురించి ఆలోచించే పాఠమవుతుంది. అదనపు ఖర్చేమీ లేదు, రెండు వాక్యాలు చేర్చడమే.

ఇక గ్లోబు. దాన్ని కుర్చీ పక్కన బల్ల మీద అలంకారంగా ఉంచే పాఠ్యప్రణాళికలే ఎక్కువ. నాకు తెలిసినంతలో చేతికి దొరికే పనులన్నిటిలో అతి తక్కువ ఖర్చుతో అతి ఎక్కువ నేర్పేది గ్లోబును ఎండలోకి తీసుకెళ్లడం. స్టాండు నుంచి విప్పి, ఒక గిన్నె అంచు మీద నిలబెట్టి, మనం ఉన్న చోటు సరిగ్గా పైకి వచ్చేలా, దాని ఉత్తర ధ్రువం నిజమైన ఉత్తరానికి తిరిగేలా సర్దితే, ఆ చిన్న గోళం పెద్ద భూమికి సమాంతరంగా నిలుస్తుంది. అప్పుడు భూమి మీద ఎక్కడ పగలో, ఎక్కడ రాత్రో ఎండే గ్లోబు మీద గీసి చూపిస్తుంది. మనం ఉన్న చోట చిన్న గుండుసూదిని నిలువుగా అతికిస్తే దాని నీడ, నేల మీద పాతిన కర్ర నీడ ఒకే దిక్కున పడతాయి. సూది నీడ అసలు పడని చోటు వెతికితే, ఆ క్షణాన సూర్యుడు నడినెత్తిన ఉన్న ప్రదేశం దొరుకుతుంది. జూన్ నెలలో ఒకసారి, డిసెంబరు నెలలో ఒకసారి ఇలా చూసిన పిల్లలకు, భూమి అక్షం సుమారు 23.4 డిగ్రీలు వంగి ఉండటం వల్లే ఋతువులు మారతాయన్న మాట కళ్లెదుట కనబడుతుంది. సూర్యుడికి దగ్గరైతే వేసవి, దూరమైతే చలికాలం అన్న అపోహ మాటలతో పోదు, ఎంతో చదువుకున్న పెద్దల్లో కూడా మిగిలే ఉంటుంది. దాన్ని పోగొట్టే పని మీ పాఠాల్లో ఉండాలి.

నీడలకు సంబంధించి మీరు తరచూ చేస్తున్న ఒక పొరపాటును ఇక్కడే చెప్పాలి. ‘మధ్యాహ్నం నీడ ఉత్తరం వైపు పడుతుంది’ అని, ‘ధ్రువ నక్షత్రం ఎంత ఎత్తున ఉందో కొలిస్తే అదే మన అక్షాంశం’ అని చాలా పుస్తకాలు ఎటువంటి హద్దూ చెప్పకుండా రాస్తున్నాయి. మొదటి వాక్యం కర్కటరేఖకు ఉత్తరాన ఉన్నవారికే ఏడాది పొడవునా నిజం. కర్కట, మకర రేఖల మధ్య ఉన్నవారికి సంవత్సరంలో కొన్నాళ్లు నీడ ఉత్తరానికి, కొన్నాళ్లు దక్షిణానికి పడుతుంది, రెండు రోజులు మధ్యాహ్నానికి అసలు కనబడదు. మకరరేఖకు దక్షిణాన ఎప్పుడూ దక్షిణానికే పడుతుంది. ధ్రువ నక్షత్రం దక్షిణార్ధగోళంలో ఉన్న పిల్లలకు కనబడదు. మీ పుస్తకం చెప్పినట్టు నీడ పడకపోతే ఆ పిల్లలు తమ కళ్లను అనుమానించాలా, పుస్తకాన్నా? భూగోళశాస్త్రం నేర్పే పుస్తకం, చదివేవారు భూగోళం మీద ఎక్కడున్నారో మరచిపోవడం చిన్న తప్పు కాదు. ప్రతి ఆకాశ పరిశీలనకూ ఉత్తరార్ధగోళం, ఉష్ణమండలం, దక్షిణార్ధగోళం అని మూడు రకాల సూచనలు ఇవ్వండి. లేదా అంతకన్నా మేలుగా, ఏం కనబడుతుందో ముందే చెప్పకుండా నీడ ఎటు పడిందో రాసుకుని, దాన్నిబట్టి తామెక్కడున్నారో తేల్చమనండి.

భూమి చుట్టుకొలతను లెక్కగట్టిన ప్రాచీన గ్రీకు పండితుడు ఎరటోస్తనీస్ ప్రయోగాన్ని ప్రస్తావించని పాఠ్యప్రణాళిక నాకు కనబడలేదు. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో, వేసవి మధ్యాహ్నం ఈజిప్టులోని సియీన్‌లో సూర్యుడు నడినెత్తిన ఉండగా అలెగ్జాండ్రియాలో 7.2 డిగ్రీల నీడ పడిందని, అది వృత్తంలో 50వ వంతు కాబట్టి రెండు ఊళ్ల మధ్య దూరమైన 5,000 స్టేడియాలను (స్టేడియా అప్పటి దూరపు కొలత) 50తో హెచ్చించి 2,50,000 స్టేడియాలు భూమి చుట్టుకొలతగా చెప్పాడని అందరూ రాస్తారు. దాన్ని ‘మీరూ చేసి చూడండి’ అన్న ఒక పుస్తకం, సుమారు 100 కిలోమీటర్ల దూరంలో ఉన్న స్నేహితులతో కలిసి చేయమంది. చేశాం. వచ్చిన జవాబు ఎంత అసంబద్ధంగా ఉందంటే పిల్లలు రెండు రోజులు ఆ ఊసే ఎత్తలేదు. కారణం తర్వాత నేనే వెతుక్కోవలసి వచ్చింది. అక్షాంశంలో ఒక డిగ్రీకి దూరం సుమారు 111 కిలోమీటర్లు, కాబట్టి మేం కొలవవలసిన తేడా ఒక డిగ్రీ కూడా లేదు. సూర్యబింబమే అర డిగ్రీ వెడల్పు ఉంటుంది కనుక నీడ కొన ఎప్పుడూ మసకగా ఉంటుంది. మేం కొలిచిన తేడా కన్నా మా కొలతలోని పొరపాటే పెద్దది. పైగా గడియారం 12 చూపినప్పుడు కొలిచాం, ఆ చోట నీడ అతి పొట్టిగా ఉన్న వేళ కాదు. తర్వాతి ఏడాది, దాదాపు అదే రేఖాంశం మీద ఎంతో దూరంలో ఉన్న బంధువుల కుటుంబంతో కలిసి, ఎవరి చోట వారు నీడ అతి పొట్టిగా ఉన్నప్పుడు కొలిచి చూశాం. చుట్టుకొలత 43,000 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా వచ్చింది. ధ్రువాల మీదుగా అసలు చుట్టుకొలత 40,008 కిలోమీటర్లు. ఒక కర్ర, ఒక టేపు, ఒక ఫోను సంభాషణతో భూమిని కొలిచామన్న సంతోషం ఇప్పటికీ మా ఇంట్లో తగ్గలేదు. ఎంత దూరం కావాలి, ఏ వేళకు కొలవాలి, ఎంత పొరపాటు సహజం అన్న మూడు మాటలు ఆ పుస్తకంలో ఉండి ఉంటే, ఈ సంతోషం ఏడాది ముందే దక్కేది.

గోళాన్ని చదునుగా పరచడం గురించి చెప్పే పాఠాలు చాలావరకు బాగున్నాయి. పాత రబ్బరు బంతి మీద ఖండాలు గీసి, కోసి, బల్ల మీద పరచమంటే చిరగకుండా, సాగకుండా పరచడం కుదరదని పిల్లలకు వెంటనే తెలుస్తుంది. దానికి ఒక కొనసాగింపు చేర్చండి. 1569లో పటాల రూపకర్త మెర్కేటర్ గీసిన పద్ధతిలోని ప్రపంచ పటం నుంచి గ్రీన్‌లాండ్‌ను, ఆఫ్రికాను పలుచని గళ్ల కాగితం మీద ఎక్కించి గళ్లు లెక్కపెట్టమనండి. అదే పనిని గ్లోబు మీద చేయమనండి. పటం మీద ఇంచుమించు సమానంగా కనబడేవి గ్లోబు మీద ఒకటికి పద్నాలుగుగా తేలతాయి. ఆ పటం తప్పు అని చెప్పి ఆపకండి. దిక్సూచితో ఓడ నడిపేవాడికి ఒకే దిశలో సాగే దారి దాని మీద సరళరేఖగా వస్తుందని, అందుకే అది అలా పుట్టిందని కూడా చెప్పండి.

ఇంతవరకు నేను చెప్పినవన్నీ నేల, నీరు, ఆకాశాలకు సంబంధించినవి. మనుషుల దగ్గరకు వచ్చేసరికి మీ పాఠ్యప్రణాళికలన్నీ ఒక్కసారిగా చేతులు ముడుచుకుంటున్నాయి. కొండలను మట్టితో చేయిస్తున్నారు, నదులను ఇసుక పళ్లెంలో పారిస్తున్నారు. జనాభా, వలసలు, వ్యాపారం, నగరాలు మాత్రం చదివి ఖాళీలు పూరించమంటున్నారు, లేదా ఆ దేశపు దుస్తులూ పండుగలూ చూపించి వదిలేస్తున్నారు. ఒక దేశాన్ని దాని పండుగతో పరిచయం చేయడం తప్పు కాదు, కానీ అక్కడి మనుషులు ఎక్కడ నీళ్లు తెచ్చుకుంటున్నారు, ఎందుకు ఆ చోటే ఊరు కట్టుకున్నారు, ఏ పని చేసుకుని బతుకుతున్నారు అన్నవి రాకపోతే పిల్లలకు ఆ దేశం ఒక వేషధారణగానే గుర్తుంటుంది.

ఇందులో చేతులకు పని దొరకదనడం సరికాదు. ఇంట్లోని 20 వస్తువుల మీద ఎక్కడ తయారైందో చూసి, పటం మీద గుర్తించి, అవి ఏ సముద్రమార్గంలో వచ్చి ఉంటాయో గీయమనవచ్చు. 1854లో లండన్‌లోని సోహో ప్రాంతంలో కలరా వ్యాపించినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు మరణాలను ఇంటింటి లెక్కన పటం మీద గుర్తించాడు. ఆ పటం నుంచి వివరణలు తీసేసి, మరణాల గీతలు, నీటి పంపులు మాత్రమే ఉంచి, ఏం జరుగుతోందో చెప్పమనవచ్చు. దీన్ని వాడుతున్న పాఠ్యప్రణాళికలు లేకపోలేదు, కానీ పటం చూడగానే ఆయనకు కారణం తట్టిందన్నట్టు రాస్తున్నారు. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందని స్నో 1849లోనే ప్రచురించాడు. పటం ఆ అనుమానానికి సాక్ష్యం కూడగట్టడానికి గీసినది. ఈ తేడా పిల్లలకు చెప్పవలసినంత పెద్దది. పటం తనంతట తాను మాట్లాడదు, దానిని ఏదో ఒక ప్రశ్న అడగాలి. దూరాన ఉన్నా స్నో అనుమానించిన పంపు నీళ్లే తెప్పించుకుని తాగి మరణించిన మహిళ సంగతి, పక్కనే ఉన్నా ఆ నీళ్లు తాగక బతికిన బీరు కార్ఖానా పనివారి సంగతి చెప్పి, ఇవి స్నో వాదనను బలపరుస్తాయా, బలహీనపరుస్తాయా అని అడిగితే, 12 ఏళ్ల పిల్లలు గంటసేపు వాదించుకుంటారు. మా ఇంట్లో వాదించుకున్నారు.

అలాగే 1972 నుంచి లాండ్‌శాట్ ఉపగ్రహాలు తీస్తున్న చిత్రాలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. ఒకప్పుడు ప్రపంచంలో నాలుగో పెద్ద సరస్సుగా ఉండి 1960లో సుమారు 68,000 చదరపు కిలోమీటర్లు పరచుకున్న, మధ్య ఆసియాలోని ఆరల్ సముద్రాన్ని పదేళ్లకొకసారి చొప్పున గళ్ల కాగితం మీద గీయిస్తే, పత్తి పొలాలకు ఆము దర్యా, సిర్ దర్యా నదుల నీటిని మళ్లించడం అంటే ఏమిటో పిల్లలకు పెన్సిలు కొన దగ్గర తెలుస్తుంది. 2005లో కోక్-ఆరల్ ఆనకట్ట పూర్తయ్యాక ఉత్తర భాగంలో నీరు కొంత తిరిగి చేరడం కూడా ఆ గీతల్లోనే కనబడుతుంది. నాశనం ఒక్కటే చూపి పిల్లలను నిరాశలో వదిలేయడం నాకు నచ్చదు, బాగుపడిందని చెప్పి ఊరడించడమూ నచ్చదు. రెండూ వాళ్ల చేతులే గీయాలి.

కొన్ని చిన్న విషయాలు త్వరగా చెబుతాను. వానమాపకం చేయించే పాఠంలో సీసాకు గరాటు పెట్టమంటున్నారు. గరాటు మూతి సీసా కన్నా రెండింతల వ్యాసం ఉంటే నీటిమట్టం నాలుగింతలు చూపుతుందని ఎక్కడా రాయడం లేదు. సూటి గోడల పాత్రే వాడమనండి, లేదా ఆ లెక్కను పిల్లలతో చేయించండి. రాజకీయ పటాల విషయంలో 2011లో ఏర్పడిన దక్షిణ సూడాన్ లేని పటాలు ఇప్పటికీ కొన్ని పెట్టెల్లో వస్తున్నాయి. స్వాజీలాండ్ 2018లో ఎస్వాతీని అయింది, మాసిడోనియా 2019లో ఉత్తర మాసిడోనియా అయింది, కజకిస్తాన్ రాజధాని 2019లో నూర్‌సుల్తాన్ అయి 2022లో మళ్లీ అస్తానా అయింది. పటం ఏ సంవత్సరానిదో దాని మీదే ముద్రించండి. సరిహద్దు వివాదాలున్న చోట ఏదో ఒక గీత గీసి ఊరుకోకుండా, అక్కడ పటాలు ఒకదానితో ఒకటి ఎందుకు ఏకీభవించవో ఒక పేరాలో చెప్పండి. ఈ వయసు పిల్లలకు అది అర్థమవుతుంది.

ప్రపంచాన్ని జ్ఞాపకం నుంచి గీయించే పద్ధతిని కొందరు మీలో అనుసరిస్తున్నారు. అది పాతదే అయినా నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను, ఎందుకంటే నేను మొదట చెప్పిన పరీక్షలో అది నెగ్గుతుంది. అయితే తప్పొప్పులను పోల్చుకోవడానికి తగిన ప్రశ్నలు ఇవ్వండి. దాదాపు అందరు పిల్లలూ దక్షిణ అమెరికాను ఉత్తర అమెరికాకు సరిగ్గా కింద గీస్తారు. పడమటి తీరానికి దగ్గరలో ఉన్న చిలీ రాజధాని శాంటియాగో కూడా న్యూయార్క్ కన్నా తూర్పున ఉందని గ్లోబు మీద తామే చూసుకున్న రోజున, వాళ్ల మనసులోని పటం కదులుతుంది. రోమ్ నగరం న్యూయార్క్ కన్నా కాస్త ఉత్తరాన ఉందని చూశాక, మరి అక్కడ చలికాలం అంత తీవ్రంగా ఎందుకుండదన్న ప్రశ్న దానంతటదే వస్తుంది. సముద్రాలు, గాలులు, ప్రవాహాల పాఠానికి అంతకన్నా మంచి ప్రారంభం లేదు. ఆ పాఠం మాత్రం వెంటనే రావాలి, నాలుగు నెలల తర్వాత వేరే అధ్యాయంలో కాదు.

చివరిగా, ఎంపిక చేసుకునేవారికి మీరు ముందుగా ఏం చూపిస్తున్నారన్నది. ఇప్పుడు నాకు దొరుకుతున్నవి విషయసూచిక, అందమైన రెండు పేజీలు, నవ్వుతున్న పిల్లల ఫొటోలు. వాటిని చూసి నేను ఏదీ తేల్చుకోలేను. ఒక పూర్తి పాఠాన్ని పెద్దవాళ్ల సూచనలతో సహా ముందే చదవనివ్వండి. అది మీ పుస్తకంలోని మొదటి పాఠం కాకుండా, సంవత్సరం మధ్యలోని ఒక కష్టమైన పాఠమైతే మంచిది. దానికి ఎంతసేపు పడుతుందో నిజాయితీగా రాయండి, సర్దుకోవడానికి పట్టే సమయాన్ని కూడా కలిపి రాయండి. ఒక్క బిడ్డతో చేయగలిగిన పనేదో, కనీసం ఇద్దరు కావలసిన పనేదో విడిగా చెప్పండి, ఎందుకంటే తరగతి గదిలో ముప్పైమందికి రాసినదాన్ని ఇంటికి తెచ్చినప్పుడు సగం పనులు అక్కడే ఆగిపోతున్నాయి.

మీలో ఎవరైనా ఈ లేఖలో చెప్పిన రీతిలో ఒక్క పాఠాన్నైనా తిరిగి రాసి బయటపెడితే, దాన్ని నేను మా చిన్నవాడితో చేయించి, వాడు ఎక్కడ తడబడ్డాడో, ఎక్కడ మీ సూచన పనికొచ్చిందో, ఎక్కడ పనికిరాలేదో, వాడి నోటుపుస్తకంలోని గీతలతో సహా మీకు రాసి పంపుతాను. మా ఇంటి చుట్టూ నడిచి గీసే రెండో పటం వచ్చే నెలలో మొదలుపెడుతున్నాం. ఈసారి దిక్సూచి వాడి చేతిలో ఉంటుంది.

ఇట్లు,
ఇంటి వద్ద ఇద్దరు పిల్లలకు చదువు చెబుతున్న ఒక తల్లి